మైళ్ళక్క ఆపిన మాట

ఆమెకు అమ్మానాన్నా పెట్టిన పేరొకటి ఉంది గానీ, దాన్ని జీతం కాగితం తప్ప ఎవరూ వాడరు. ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ ఆమె మైళ్ళక్క. విమానాల కంపెనీలు తమ విమానాల్లో తిరిగినవాళ్ళకు తిరిగినంత దూరానికి పాయింట్లు వేస్తాయి కదా, అవి పోగైతే ఒక టికెట్టు ఊరికే ఇస్తాయి కదా, ఆ పాయింట్ల గురించి జనం చేసే ఫోన్లు ఎత్తడం ఆమె ఉద్యోగం. కాగితాల మీద పాయింట్లని రాసి ఉన్నా, నోటితో అందరూ మైళ్ళనే అంటారు.

పొడవాటి హాలు. వరసలుగా బల్లలు, బల్లకీ బల్లకీ మధ్య మోచెయ్యంత ఎత్తు అడ్డుచెక్క. ఏసీ ఒక మూల కూర్చున్నవాళ్ళను వణికిస్తుంది, ఇంకో మూల చెమటలు పట్టిస్తుంది. మైళ్ళక్కది వణికే మూల, అందుకని ఎండాకాలంలో కూడా ఆమె భుజాల మీద శాలువా ఉండేది. హాలు విమానాల కంపెనీది కాదు, జీతమిచ్చేది వేరే సంస్థ. కాబట్టి రోజంతా ఊళ్ళోవాళ్ళకు ఉచిత టికెట్ల దారి చూపించే ఆమెకు తనదంటూ ఒక్క ఉచిత టికెట్టు లేదు.

మనిషి చిత్రమైన జీవి. పెట్టె పోయిందంటే ఒక కేక వేసి ఊరుకుంటాడు. మైళ్ళు పోయాయంటే మాత్రం కన్నబిడ్డ తప్పిపోయినంత గోల పెడతాడు. అందులో న్యాయం లేకపోలేదు. ఇల్లూ వాకిలీ వదిలి, వేళ కాని వేళ తింటూ, కూర్చునే నిద్రపోతూ పోగేసుకున్నవి అవి. కొన్నాళ్ళు ఖాతాలో కదలిక లేకపోతే వాటంతట అవే ఎండిపోతాయి. పోనీ, జాగ్రత్తగా చూసుకుని టికెట్టుకు సరిపోయాయనుకునేసరికి, కంపెనీవాళ్ళు ఆ గీతను ఇంకాస్త ముందుకు జరుపుతారు. జరిపినందుకు క్షమాపణ కూడా చెప్పరు, "మరింత మెరుగైన సేవ" అని పేరు పెడతారు. ఆ మెరుగు సంగతి అడగడానికి ఫోన్ చేసినవాళ్ళ తిట్లన్నీ మైళ్ళక్క ఖాతాలో జమ.

వీటన్నిటికంటే చెడ్డ నియమం ఇంకొకటుంది. సభ్యుడు పోతే మైళ్ళూ పోతాయి. పొలంలా, ఇల్లులా పిల్లలకు రావు. పోయాడన్న సంగతి కంపెనీ చెవిన పడ్డ క్షణాన ఖాతా మూసెయ్యాలి. ఆ మైళ్ళతో తీసుకుని ఇంకా ఎక్కని టికెట్లుంటే అవీ రద్దు. కంపెనీ చెవి అంటే మరెవరిదో కాదు, మైళ్ళక్క చెవే. పైగా ప్రతి ఫోనూ రికార్డవుతుంది, విననట్టు నటించడానికి లేదు.

అందుకని ఆ హాల్లో ఎక్కడా రాసిపెట్టని ఆచారం ఒకటి పుట్టింది. ఫోన్ చేసినవాళ్ళను ఆ మాట అననివ్వకూడదు. రిటైరైపోతూ ఒక పెద్దావిడ మైళ్ళక్కకు నేర్పింది, మైళ్ళక్క గురువును మించిపోయింది. అవతలివాళ్ళు గొంతు సవరించుకోవడంలోనే ఆమెకు తెలిసిపోయేది.

"మా ఆయనకి మీ దగ్గర ఖాతా ఉందండీ. ఆయన పోయిన వారం..."

"ఒక్క నిమిషం అమ్మా, ఆ ముక్క పూర్తిచెయ్యకండి. ఆయన ఖాతా పాస్‌వర్డు మీకు తెలుసా?"

"తెలుసు, కానీ ఆయన..."

"తెలుసు కదా. అయితే నాతో మీకు పనే లేదు. కంప్యూటర్ ముందు కూర్చుని మీకు కావల్సిన టికెట్టు తీసుకోండి. ప్రయాణం అయ్యాక తీరిగ్గా ఫోన్ చేసి, ఇప్పుడు చెప్పాలనుకున్నది అప్పుడు చెప్పండి. తొందరేం లేదు."

అవతలినుంచి చిన్నగా, "సరేనమ్మా" అని వినిపిస్తుంది. కొందరికి వెంటనే అర్థమవుతుంది, కొందరికి ఫోన్ పెట్టేశాక అవుతుంది. ఆ రికార్డులు వినాల్సిన సూపర్‌వైజరుకు కూడా సరిగ్గా ఆ చోటు వచ్చేసరికి టీ తాగాలనిపించేది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మైళ్ళక్క ఎంతమంది మాటనో పెదవి దగ్గరే పట్టుకుంది. ఆమె పుణ్యాన ఎవరెవరో ఎక్కడెక్కడికో చేరారు. అలా ఆపేసిన మాట ఆ మనిషిలో ఏమవుతుందన్నది మాత్రం ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. మైళ్ళు దక్కాయి, అంతే చాలనుకునేది.

ఆమె భర్త లిఫ్టులు బిగించే మేస్త్రీ. ఎక్కడ కొత్త మేడ లేస్తే అక్కడికి అతని కంపెనీవాళ్ళు విమానంలో పంపేవాళ్ళు. లిఫ్టు కుదుపు లేకుండా పైకీ కిందికీ తిరిగేదాకా అక్కడే ఉండి, గ్రీజు వాసనతో ఇంటికొచ్చేవాడు. టికెట్టు డబ్బు కంపెనీది, మైళ్ళు ఎక్కినవాడివి. ఆ సంగతి పెళ్ళాం చెప్పేదాకా అతనికి తెలియనే తెలియదు.

"కూర్చోబెట్టి మోసుకెళ్ళి, పైగా నాకే ఎదురిస్తారా?" అని పగలబడి నవ్వాడు. "లిఫ్టులో ఎక్కిదిగినదానికి కూడా ఇస్తే ఈపాటికి చంద్రమండలం చూసొచ్చేవాణ్ణి కదే!"

అతను నవ్వాడు గానీ ఆమె నవ్వలేదు. అతని పేర ఖాతా తెరిచింది. అతను ఎక్కడికి వెళ్ళొచ్చినా బోర్డింగ్ కాగితం ముక్క జేబులోంచి తీసి, మైళ్ళు పడ్డాయో లేదో చూసేది. పని లేక అతను ఇంట్లోనే ఉన్న రోజుల్లో ఖాతా ఎండిపోకుండా, ఆ విమానాల కంపెనీతో పొత్తున్న కొట్లోనే సబ్బులూ దువ్వెనలూ కొనేది. ఇంట్లో ముగ్గురు మనుషులు, దువ్వెనలు మాత్రం డజను.

అంత తాపత్రయం ఎందుకంటే, అత్తగారి కోసం. ఆవిడకు ఒక్క అక్క ఉంది. భర్త ఉద్యోగం కోసం ఎప్పుడో సముద్రం దాటి వెళ్ళి, భర్త పోయినా అక్కడే ఉండిపోయింది. మోకాళ్ళ నొప్పులతో గుమ్మం దిగలేదు. అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకుని ఎన్నేళ్ళయిందంటే, ఫోటోల్లో తప్ప ఒకరి తల నెరవడం ఇంకొకరు చూడలేదు. "మైళ్ళు నిండనీ అమ్మా, ముగ్గురం వెళ్ళి పెద్దమ్మ ఇంటి మీద పడదాం" అనేవాడు కొడుకు. నిండబోతుంటే కంపెనీ గీత జరిపేది. అతను ఇంకో మేడకు లిఫ్టు బిగించడానికి వెళ్ళేవాడు. మళ్ళీ జరిపేది. మళ్ళీ వెళ్ళేవాడు.

ఒకనాటి పొద్దున్న, ఎక్కడో పరాయి ఊళ్ళో, లాడ్జి గదిలో బూట్లు వేసుకుంటూ కూలిపోయాడు. గుండె. పక్క గదిలోని కుర్రవాళ్ళు పనికి పిలవడానికి తలుపు కొడితే తియ్యలేదు.

దాచుకున్నదంతా అతన్ని ఇంటికి తేవడానికే ఊడ్చుకుపోయింది. జీవితమంతా కిటికీ పక్క సీటు అడిగి మరీ కూర్చున్నవాడు, ఆఖరిసారి సామాన్ల మధ్య పెట్టెలో పడుకుని వచ్చాడు. ఆ ప్రయాణానికి మైళ్ళు జమ కాలేదు.

చుట్టుపక్కలవాళ్ళందరూ వచ్చారు, అందరూ వెళ్ళారు. ఇంట్లో అత్తాకోడళ్ళు మిగిలారు. అత్తగారి కంట చుక్క రాలేదు. గోడ వంక చూస్తూ కూర్చునేవారు, పిలిస్తే పలికేవారు, పెడితే తినేవారు. సముద్రం అవతలినుంచి అక్క ఫోన్ చేస్తే కోడలి చేతికిచ్చేవారు. "అత్తయ్యకి గొంతు పట్టేసింది పెద్దత్తయ్యా" అని కోడలు ఏదో చెప్పి పెట్టేసేది.

"ఎన్నాళ్ళని దాస్తాం అత్తయ్యా? నేను చెప్పేస్తాను ఆవిడకి" అంది ఒకరోజు.

"ఫోన్లో చెప్పొద్దు." అత్తగారు ఇటు తిరిగారు. "వాడు నా కడుపున పుట్టాడన్నమాటేగానీ దాని చేతుల్లో పెరిగాడు. నేను మంచాన పడితే, వాడికి నడకొచ్చేదాకా అది చంక దించలేదు. ఫోన్లో చెప్పేస్తే, ఆ ఇంట్లో అదొక్కతే, ఎవర్ని పట్టుకుని ఏడుస్తుందే? నేను వెళ్తాను. ఎదురుగా కూర్చుని చెప్తాను. ఇద్దరం కలిసి ఏడుస్తాం."

"వెళ్దురుగాని..."

"నాకిక్కడ ఏడుపు రావడంలేదమ్మాయ్. దాని ఒళ్ళో అయితే వస్తుంది. నన్నక్కడికి పంపెయ్యి. తిరిగి రావడం సంగతి దేవుడెరుగు."

టికెట్టు కొనే తాహతు లేదు. మైళ్ళక్క అతని ఖాతా తెరిచి చూసింది. ముగ్గురికి ఎన్నడూ చాలని మైళ్ళు ఒక్కరికి, వెళ్ళడానికి మాత్రం, చాలాయి.

అక్కడే వచ్చింది చిక్కు. పోయాడని కంపెనీ చెవిన పడితే ఖాతా పోతుంది. మైళ్ళమీద ఇచ్చే సీట్లు విమానానికి రెండో మూడో ఉంటాయి, ఆ దారిలో విమానం నిండడం లేదని తెలిసినప్పుడు గానీ వాటిని వదలరు. ఆ సీటు కనబడి, అత్తగారు ఎక్కి, అవతల దిగేదాకా అతను బతికుండాలి. ఇంటి చుట్టుపక్కల అందరికీ తెలుసు, ఫరవాలేదు. ఆఫీసులో తెలియకూడదు. స్నేహం కొద్దీ ఎవరికైనా చెబితే, తెలిసీ ఖాతా మూయనందుకు వాళ్ళ ఉద్యోగానికే ఎసరు. తన కష్టం పదిమంది నెత్తిన రుద్దడం ఆమెకు ఇష్టం లేకపోయింది. అత్తగారికి ఒంట్లో బాగోలేదని సెలవు చీటీ పంపింది, సెలవయ్యాక శాలువా కప్పుకుని వచ్చి తన మూలలో కూర్చుంది.

పక్క బల్ల దగ్గర ఆమె దగ్గరే పని నేర్చుకున్న పొడుగమ్మాయి ఉండేది. మనిషి పొడుగు, నాలిక అంతకంటే పొడుగు. నోట్లో నువ్వుగింజ నానదు.

"అత్తగారికి ఎలా ఉందక్కా?"

"ఫరవాలేదు."

"బావగారు ఏ ఊళ్ళో ఉన్నారు ఈసారి?"

"పనిలో ఉన్నారు."

"ఎప్పుడు చూడు పనే! వచ్చినప్పుడు చెప్పక్కా, మా మేడ లిఫ్టు మధ్యలో ఆగిపోతోంది, ఓసారి చూస్తారేమో."

"చెప్తాలే."

మొదటిసారి ఆ అబద్ధం ఆడడం కష్టమైంది. తరవాత్తరవాత అలవాటైపోయింది. ఫోన్లు వస్తూనే ఉన్నాయి. "మా ఆయన మొన్న..." అని ఏ ఆడమనిషి మొదలుపెట్టినా, "ఒక్క నిమిషం అమ్మా" అని ఆమె నోరు దాని పని అది చేసుకుపోయేది. ఫోన్ పెట్టేశాక బాత్రూములోకి వెళ్ళి, కుళాయి తిప్పి, నీళ్ళను చూస్తూ నిలబడేది. మొహం కడుక్కోవాలని కూడా తోచేది కాదు.

టీ విరామంలో ఒకసారి, భోజనం వేళ ఒకసారి, బస్సులో ఒకసారి, సీటు కోసం వెతికేది. అందరికీ సీటు వెతికిపెట్టిన మనిషి కదా, ఒడుపులన్నీ తెలుసు. నేరుగా లేకపోతే మధ్యలో విమానం మారే దారి చూసేది. ఎవరూ ఇష్టపడని వారం మధ్య రోజులు చూసేది. ఆఖరికి ఒకనాడు బస్సులో నిలబడి ఉండగా ఒక్క సీటు కనబడింది. పైనున్న కడ్డీ వదిలేసి రెండు చేతులతో ఫోన్ పట్టుకుని బుక్ చేసింది. బస్సు కుదుపుకు ఎవరి మీదో పడింది, వాళ్ళు తిట్టారు, ఆమె వాళ్ళకు దండం పెట్టింది.

ముగ్గురి ప్రయాణం కోసం కొడుకు ముందే తీయించిన పాస్‌పోర్టూ వీసా ఉండనే ఉన్నాయి. ఇక మిగిలింది విమానాశ్రయం. మైళ్ళు అమ్ముకునే దళారులు ఎక్కువయ్యారని, అలాంటి టికెట్టుతో వచ్చినవాళ్ళను కౌంటరు దగ్గర అప్పుడప్పుడూ ప్రశ్నలడుగుతారు. టికెట్టు ఎవరిచ్చారు, మీకేమవుతారు, ఎక్కడున్నారు అని. అత్తగారు జీవితంలో అబద్ధమాడి ఎరగరు. మైళ్ళక్క వంటింట్లో స్టూలు మీద కౌంటరు గుమాస్తాలా కూర్చుని, అత్తగారిని ఎదురుగా నిలబెట్టింది.

"ఈ టికెట్టు ఎవరిచ్చారమ్మా?"

"మా అబ్బాయి."

"ఆయన ఎక్కడున్నారు?"

అత్తగారు పొయ్యి గట్టు మీద చెయ్యి ఆనించారు.

"పనిలో ఉన్నాడు అనాలి అత్తయ్యా."

"ఎలా అనమంటావే?"

"నేను రోజూ అంటున్నాను."

ఆ మాటకు అత్తగారు కోడలి మొహం వంక చాలాసేపు చూశారు. "ఏమనుకుని అంటావు?" అని అడిగారు.

"ఏమీ అనుకోను. మీరు మీ అక్కయ్య దగ్గరికి వెళ్ళాలి, అంతే అనుకుంటాను."

ఆ పూట అనలేకపోయారు. మర్నాడూ అనలేకపోయారు. మూడోనాడు, గోడ వంక తిరిగి, "పనిలో ఉన్నాడు" అన్నారు. గోడ వంక తిరిగితే కుదరదు, మొహం చూసి చెప్పాలంది కోడలు. మొహం చూసి చెప్పారు. ఆ తరవాత పాఠం జోరందుకుంది. అడక్కుండానే, "పనిలో ఉన్నాడండీ, పెద్ద మేడకి లిఫ్టు బిగిస్తున్నాడు, పనిలో ఉంటే ఫోనెత్తడు" అని కలిపి చెప్పడం మొదలుపెట్టారు. "బ్రహ్మాండంగా చెప్పారు!" అని కోడలు మెచ్చుకుంది.

ఒకరోజు ఎవరో బీమా కుర్రాడు అతని కోసం ఫోన్ చేస్తే అత్తగారే ఎత్తారు. "పనిలో ఉన్నాడు బాబూ, సాయంత్రం చెయ్యి" అన్నారు, ఎంతో మామూలుగా. అని, ఫోన్ పెట్టి, చాలా రోజుల తరవాత జడ అల్లుకున్నారు. మైళ్ళక్క చూసింది. ఆవిడ మొహంలో వెలుగు కూడా చూసింది. ఇక భయం లేదు, పాఠం బాగా వంటపట్టిందనుకుని సంతోషించింది. తప్పు జరిగింది అక్కడే. అన్నేళ్ళు గొంతు విని మనిషి లోపలున్నది పట్టేసిన ఆమెకు, పక్క గదిలో ఉన్న గొంతు వినబడలేదు.

విమానాశ్రయంలో ఆమెను గాజు తలుపు దాటి రానివ్వలేదు. చక్రాల కుర్చీ తోసే మనిషి అత్తగారిని లోపలికి తీసుకుపోయాడు. కౌంటరులో జలుబు చేసిన కుర్రాడున్నాడు. తుమ్మాడు, పెట్టె తూచాడు, ఏదో ఒక్క ముక్క అడిగాడు, కాగితం చేతిలో పెట్టాడు. అంతే. బయట మైళ్ళక్క గాజుకు ఆనించిన నుదురు వెనక్కి తీసింది. కాసేపటికి లోపలినుంచి ఫోన్ వచ్చింది.

"ఎవరూ అడగలేదే," అన్నారు అత్తగారు. "కిటికీ పక్కన కావాలా అని మాత్రం అడిగాడు."

"మంచిదేగా అత్తయ్యా."

"మంచిదేలే," అన్నారు, ఏదో పోగొట్టుకున్నట్టు.

అంత కష్టపడి నేర్చుకున్న మాట ఖర్చు కాకుండా ఆవిడ దగ్గరే ఉండిపోయింది.

విమానం దిగిందని మర్నాడు కంప్యూటర్ చూపించింది. ఇక టికెట్టును ఎవరూ రద్దు చెయ్యలేరు. అత్తగారు ఫోన్ చేసి "చెప్పాను" అనగానే, ఆయన ఖాతా తన చేత్తోనే మూసేసి, పొడుగమ్మాయికీ మిగతావాళ్ళకీ సంగతి చెప్పేద్దామని మైళ్ళక్క నిర్ణయించుకుంది. ఎలా మొదలుపెట్టాలో ఆలోచించుకుంటూ ఆఫీసు భోజనాల గదిలో కూర్చుంది. డబ్బా మూత తియ్యలేదు. చుట్టూ అందరూ తింటున్నారు, అన్నం వేడి చేసే యంత్రం ముందు ఎప్పట్లాగే వరస. అప్పుడు మోగింది ఫోన్.

"అమ్మాయ్! వచ్చేసిందే మీ అత్త!" పెద్దత్తయ్య గొంతు. మోకాళ్ళ నొప్పుల మనిషిలా లేదు, పెళ్ళింట్లో మాట్లాడినట్టుంది. "ఎంత చిక్కిపోయిందో! వాడే టికెట్టు పంపాడటగా! పెద్దమ్మ ఇంటికి పంపిస్తానన్నాడు, మాట నిలబెట్టుకున్నాడు నా తండ్రి!"

మైళ్ళక్క డబ్బా పక్కకు జరిపింది. "అత్తయ్య మీకేమీ చెప్పలేదా పెద్దత్తయ్యా?"

"చెప్పకేం! దిగిన దగ్గర్నుంచీ వాడి కబుర్లేగా. ఏదో పెద్ద మేడకి లిఫ్టు బిగిస్తున్నాడట కదా. నేను ఫోన్ చేస్తే ఎత్తడం లేదు వెధవ. నువ్వన్నా గట్టిగా చెప్పవే, పెద్దమ్మతో ఒక్క నిమిషం మాట్లాడితే లిఫ్టేం పడిపోదని."

వెనకనుంచి అత్తగారి గొంతు వినిపించింది. "పనిలో ఉన్నాడన్నానుగా, వాణ్ణి విసిగించకే అక్కా!" అని. అంటూ నవ్వుతున్నారు. ఆ నవ్వు కొడుకు పోయాక ఇంట్లో ఒక్కసారి కూడా వినబడలేదు.

అప్పుడర్థమైంది మైళ్ళక్కకు. ఆవిడ అక్కను బాధపెట్టలేక దాచడం లేదు. అక్కడ, ఆ ఇంట్లో, కొడుకు పోయిన సంగతి తెలిసినవాళ్ళు లేరు. తలుపు తీసిన అక్క "వాడెలా ఉన్నాడే" అని అడిగి ఉంటుంది. నాలిక మీద సిద్ధంగా ఉన్న మాట బయటికొచ్చి ఉంటుంది. వచ్చాక, దాన్ని వెనక్కి తీసుకునే శక్తి ఏ తల్లికుంటుంది? ఆ మాట నేర్పింది ఎవరు? స్టూలు మీద కూర్చుని, మొహం చూసి చెప్పమని మెచ్చుకుంటూ మరీ నేర్పింది తనే.

ఊరుకుందామనిపించింది. ప్రపంచంలో ఏదో ఒక ఇంట్లోనైనా ఆయన బతికుంటే ఎవరి సొమ్మేం పోయింది? పనిలో ఉన్నారు అనేస్తే సరిపోతుంది, నోటికి అలవాటే. కానీ ఏదో ఒకరోజు, ఎవరి నోటనో ఆ సంగతి ఆ ఇంటికి చేరుతుంది. అప్పుడు అత్తగారు ఎక్కడుంటారో, అక్క ఎక్కడుంటుందో. ఏడవడానికి పంపిన మనిషి నవ్వుతూ కూర్చుంది. ఆ నవ్వు వింటుంటే మైళ్ళక్కకు భయం వేసింది.

"పెద్దత్తయ్యా, అత్తయ్య మీ పక్కనే ఉన్నారా?"

"ఇదిగో, నా భుజమ్మీదే చెయ్యేసుకుని కూర్చుంది."

"ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకోండి."

"ఎందుకే?"

ఎంతమంది నోటనో ఆపిన మాటను తన నోటితో ఇంతవరకు ఒక్కసారి కూడా అనలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. లాడ్జివాళ్ళు ఫోన్ చేసిననాడు విన్నదే తప్ప, ఎవరికీ తను చెప్పలేదు. చుట్టుపక్కలవాళ్ళకు కూడా ఎవరెవరో చెప్పారు.

"ఆయన లేరు పెద్దత్తయ్యా," అంది. గొంతు చాలలేదు, మళ్ళీ గట్టిగా అంది. "ఆయన చనిపోయారు. మీకు ఎదురుగా చెప్పాలని అత్తయ్య అంత దూరం వచ్చారు. చెప్పలేకపోతున్నారు. మీరేమీ అనకండి ఆవిణ్ణి."

పెద్దత్తయ్య గొంతు, ఫోన్లోకి కాదు, పక్కకు తిరిగి, "ఏమిటే ఇది? ఏమంటోందే ఈ పిల్ల?" అని. చాలాసేపు అడిగిందే అడిగింది. ఆ తరవాత అత్తగారి ఏడుపు వినిపించింది. మొదట చిన్న పిల్లకు ఎక్కిళ్ళొచ్చినట్టు ఆగి ఆగి వచ్చింది, ఆనక కట్ట తెగింది. రెండు గొంతులూ కలిసిపోయి ఏది ఎవరిదో తెలియకుండా పోయింది. మైళ్ళక్క ఫోన్ చెవికి అదుముకుని వింటూ కూర్చుంది.

ఎప్పటికో అత్తగారు ఫోన్ అందుకున్నారు.

"నేను చెప్పలేకపోయానే తల్లీ. అది తలుపు తీసి నవ్వింది, నా నోట అదే వచ్చేసింది."

"తప్పు నాది అత్తయ్యా."

"కాదే. ఒక్క పూటైనా వాడు ఉన్నాడే నాకు." మళ్ళీ ఏడ్చారు. ఏడుస్తూనే, ఉన్నట్టుండి ఏదో గుర్తొచ్చినట్టు, "అమ్మాయ్, నువ్వెక్కడున్నావే? నీ పక్కన ఎవరన్నా ఉన్నారా?" అని అడిగారు.

మైళ్ళక్క తలెత్తింది. గదిలో చెంచాల చప్పుడు ఆగిపోయింది. వరసలో నిలబడ్డవాళ్ళు ఇటు తిరిగి చూస్తున్నారు. సూపర్‌వైజరు టీ కప్పు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. పొడుగమ్మాయి అరచేత్తో నోరు మూసుకుని నిలబడి ఉంది.

"ఉన్నారు అత్తయ్యా," అంది. ఇన్నాళ్ళూ అత్తగారు ఎక్కడ ఏడవాలి, ఎలా వెళ్ళాలి, ఎవరు ఆపుతారు అన్నదే చూసుకుంది. తను కూడా ఏడవాల్సిన మనిషేనన్న సంగతి ఆమెకు తట్టనే లేదు. మంచినీళ్ళ యంత్రం పక్కన నేలమీద చతికిలబడి, నోరంతా తెరిచి, పసిపిల్లలా ఏడ్చింది. పొడుగమ్మాయి వచ్చి ఆమె తల పొట్టకు ఆనించుకుంది, ఒక్క మాటా మాట్లాడలేదు. ఫోన్ ఎవరూ పెట్టెయ్యలేదు. సముద్రం ఇవతలా అవతలా ముగ్గురు ఆడవాళ్ళు ఒకే మనిషి కోసం ఒకేసారి ఏడ్చారు.

గోడ అవతల హాల్లో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఆ మధ్యాహ్నం వాటిని చాలాసేపు ఎవరూ ఎత్తలేదు.